తప్పైంది

హనీఫా రెండు చేతులూ జోడించి "తప్పైంది సార్, మాఫ్ చెయ్యున్రి" అన్నప్పుడు దామోదర్‌కు ఒక బరువు దిగినట్టయింది. విచారణకు గంట పడుతుందనుకున్నాడు. పన్నెండు నిమిషాల్లో అయిపోయింది.

ప్రిన్సిపాల్ గదిని ఆనుకొని ఉన్న చిన్న మీటింగు గది అది. బల్లకు ఇవతల దామోదర్ కూర్చున్నాడు. అవతల కుర్చీ చూపించినా హనీఫా కూర్చోలేదు. చీర మీద కాలేజీ వాళ్లిచ్చిన నీలం కోటు తొడుక్కొని నిలబడింది. ఆ కోటు కుడిచేతి అంచు నిండా చిన్న చిన్న చిల్లులున్నాయి. పదకొండేళ్లుగా కెమిస్ట్రీ ల్యాబులో సీసాలు కడుగుతున్న చేతులు ఆమెవి. గోళ్ల చుట్టూ చర్మం పసుపురంగుకు తిరిగింది.

శనివారం పొద్దున ఫస్టియర్ ల్యాబులో అనూహ్య అనే అమ్మాయి చేతి మీద యాసిడ్ ఒలికింది. కడుక్కుందామని నల్లా తిప్పితే నీళ్లు రాలేదు. మణికట్టు నుంచి మోచేయి దాకా కాలి, ఆ పిల్ల ఇప్పుడు నల్లగొండ దవాఖానలో ఉంది. శుక్రవారం కాలేజీకి తనిఖీ కమిటీ వస్తున్నది. ఆలోపు విచారణ అయిపోవాలని ప్రిన్సిపాల్ గిరి పట్టుబట్టి, ఆ పనిని దామోదర్‌కు అప్పజెప్పాడు. ముప్పై మూడేళ్లు నౌకాదళంలో చేసి, లెఫ్టినెంట్ కమాండర్‌గా దిగి, పిల్లలకు నైతికతా నాయకత్వమూ పాఠం చెప్పే మనిషి కంటే న్యాయంగా ఇంకెవరు చేస్తారని అందరి ముందూ అన్నాడు. ఆ మాట దామోదర్‌కు నచ్చింది.

ల్యాబు మొదలయ్యే ముందు నల్లాలు చూసే పని నీదేనా అని ఆయన అడిగాడు. తనదేనంది. శనివారం చూశావా అన్నాడు. చూశానంది.

"చూస్తే నీళ్లు వచ్చాయా?"

"రాలె సార్. గాని..."

"గాని తర్వాత చెబుదువు. నీళ్లు రావడం లేదని తెలిసీ ల్యాబు ఎట్లా మొదలుపెట్టనిచ్చావు?"

హనీఫా తలుపు వైపు చూసింది. అక్కడ గిరి ఫోన్ చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. అప్పుడే ఆమె చేతులు జోడించింది. దామోదర్ కలం మూత తీసి, తెల్ల కాగితం మీద, తనకు అలవాటైన నిటారు అక్షరాలతో, 'అటెండరు తన నిర్లక్ష్యాన్ని స్వచ్ఛందంగా ఒప్పుకున్నది' అని రాశాడు. కింద ఆమె సంతకం తీసుకున్నాడు. చిన్నపిల్ల రాసినట్టు ఒక్కో అక్షరాన్నీ గుండ్రంగా తిప్పి రాసింది. కలం తిరిగిచ్చి, పదకొండింటి బ్యాచుకు సీసాలు సర్దాలి, ఇంక పోవచ్చా అని అడిగింది. ల్యాబుకు పోనక్కర లేదు, వరండాలో కూర్చొమ్మని గిరి చెప్పాడు.

సాయంత్రానికి ఆమెను పనిలోంచి తీసేసిన కాగితం తయారైంది. ఆ సంగతి దామోదర్‌కు బస్సెక్కేటప్పుడు తెలిసింది. ఇంత గట్టిగా ఉండాల్సింది కాదేమో అనుకున్నాడు. కానీ తప్పు ఒప్పుకోవడం వేరు, శిక్ష తప్పడం వేరు. అదే మాట ఏటా జూలైలో మూడో పాఠంగా చెబుతాడు.

* * *

మంగళవారం తొమ్మిదింటికి ఫస్టియర్ క్లాసు. దామోదర్ ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కాతో లోపలికి రాగానే అరవై మందీ లేచి నిలబడ్డారు. ఆయన్ని వాళ్లు నేవీ సార్ అంటారు. ఈ ఊళ్ల నుంచి వచ్చిన పిల్లల్లో సముద్రం చూసినవాళ్లు నలుగురో అయిదుగురో. నాగార్జునసాగర్ నీళ్లే చాలామందికి పెద్ద నీళ్లు. అందుకని ఆయన ఓడ కథలు చెబితే నోరు తెరుచుకొని వింటారు.

ఆ రోజు ఓడ కథ చెప్పలేదు. ధైర్యం అంటే యుద్ధంలోనే చూపించాలని లేదన్నాడు. నిన్న ఇదే కాలేజీలో, చిన్న ఉద్యోగంలో ఉన్న ఒక మనిషి, అడగగానే, ఇంకొకరి మీదికి నెట్టకుండా, తన తప్పును తనదని ఒప్పుకోవడం చూశానన్నాడు. పేరు చెప్పలేదు. నాయకత్వం అక్కడే మొదలవుతుందని బోర్డు మీద రాసి, కింద గీత గీశాడు. అరవై మందిలో ఒక్కరూ ఆ వాక్యాన్ని నోటుబుక్కులో ఎక్కించుకోలేదు. వెనక్కి తిరిగిన దామోదర్‌కు అది వింతగా తోచింది.

మూడో వరసలో జేబా అనే అమ్మాయి లేచింది. మక్తల్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల. ఎప్పుడూ నోరు తెరవదు.

"సార్, ఆమె మీతోని ఏమన్నది సార్? తప్పైంది అన్నదా?"

"అవును."

"మా దిక్కు తప్పైంది అంటె తప్పు జేసిన అన్నట్టు కాదు సార్."

క్లాసులో చిన్నగా నవ్వు లేచింది. మరి ఏమని అర్థమో చెప్పమన్నాడు దామోదర్. ఆయనకు కోపం రాలేదు. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"ఎవలన్న పెద్దోళ్లు గరమైతె, ఇగ చాలు, బంద్ చెయ్యున్రి అని చెప్పనీకి అంటం సార్. బస్సుల కాలు తొక్కిచ్చుకున్నోళ్లు గుడ తప్పైంది అంటరు."

"మా బాపు రోజు మా అమ్మతోని అంటడు సార్," వెనక బెంచీ నుంచి ఒక గొంతు. "ఏం జెయ్యకున్నా అంటడు."

"ఏం జెయ్యనందుకే అంటుండొచ్చురా," అని పక్కవాడు. క్లాసంతా ఘొల్లుమంది. దామోదర్ కూడా నవ్వబోయాడు. జేబా మాత్రం నవ్వలేదు. నిలబడే ఉంది.

"నిజంగ తప్పు జేసినోడు ఆ మాట అననే అనడు సార్. వాడే పెద్ద లొల్లి పెడ్తడు," అని చెప్పి కూర్చుంది.

దామోదర్ బోర్డు వైపు తిరిగాడు. తను గీసిన గీత అక్కడ తిన్నగా ఉంది. మోత్కూర్‌లో తమ ఇంటి అరుగు మీద కూర్చొని, తడి నూలు చిలపల్లో పోగులు చిక్కుపడి ఉన్నాయని నూలిచ్చే సేటు కసిరినప్పుడల్లా తల్లి ఏమనేది? తప్పైంది సేటూ. ఆ నూలు చిక్కుపడి వచ్చిందే సేటు కొట్టు నుంచి. ఆ ఇంట్లోనే పద్దెనిమిదేళ్లు పెరిగాడు. ఆ మాట చెవిలో పడని రోజు ఉండేది కాదు. అట్లాంటిది నిన్న తనే, తన చేత్తోనే, స్వచ్ఛందంగా అని రాశాడు.

క్లాసు అయ్యాక జేబా వరండాలో ఆగి ఉంది. శనివారం తను అనూహ్య పక్క బల్ల దగ్గరే ఉన్నానంది. నల్లాలు రావని హనీఫాకు ఎప్పుడూ తెలుసు, అందుకే రోజూ పొద్దున్నే హాస్టల్ వంటింటి నుంచి రెండు బకిట్ల నీళ్లు రెండంతస్తులు మోసుకొచ్చి మూల పెడుతుందట. అనూహ్య అరవగానే ఆ నీళ్లే మగ్గుతో ఆగకుండా పోసిందట. అవీ అయిపోతే పిల్లల నీళ్ల సీసాలన్నీ గుంజుకొని పోసిందట. ఆ నీళ్లే లేకుంటే చెయ్యి ఎముక దాకా పోయేదని దవాఖానలో డాక్టరు అన్నాడట.

ఈ మాట విచారణలో ఎవరూ చెప్పలేదేమని దామోదర్ అడిగాడు.

"మమ్ముల ఎవలడిగిన్రు సార్," అంది జేబా.

* * *

బుధవారం తొమ్మిదింటికి దామోదర్ స్టాఫ్ గదికి పోకుండా బిల్డింగు వెనక్కి నడిచాడు. ముళ్లకంప వెనకాల బోరు గది ఉంది. మూడు బోర్లలో రెండు సంక్రాంతి దాటగానే ఎండిపోయాయి. మూడోది దమ్ము తీసుకుంటూ పోస్తున్నది. సైదులు అనే మనిషి నేల మీది ఇనప మూత తీసి పక్కన పెడుతున్నాడు. కింద మోకాటి లోతు గుంత, అందులో తుప్పు పట్టిన వాల్వు. సైదులు ఛాతీ ఎత్తున్న ఇనప కడ్డీని అందులోకి దించి, పైనున్న అడ్డపిడి పట్టుకొని, ఒంటి బరువంతా వేసి తిప్పాడు. మొదట రాలేదు. కాలు గోడకు తన్ని పట్టి మళ్లీ తిప్పాడు. గుంతలో నీళ్లు దారి మార్చుకున్న చప్పుడు వినిపించింది.

దామోదర్ వాచీ చూశాడు. తొమ్మిదీ పదిహేను.

ఈ నీళ్లు ఎటు పోతాయని అడిగితే సైదులు చేయి ఎత్తి ముందు వైపు చూపించాడు. గేటు నుంచి మెట్ల దాకా పరిచిన పచ్చగడ్డి అక్కడ ఉంది. హైదరాబాదు నుంచి చాపల్లా చుట్టలు చుట్టి లారీలో తెచ్చి, పోయిన నెల పరిచారు. శుక్రవారం కమిటీ వచ్చేదాకా అది ఎండకూడదు. పైపుల చివర చిన్న పీకలు గిర్రున తిరుగుతూ నీళ్లు చిమ్మడం మొదలుపెట్టాయి.

"పదకొండింటి దాక అటే సార్. గప్పటిదాక మీది నల్లాలు రావు."

"ఎవరు చెప్పారు?"

సైదులు కడ్డీ బయటికి తీసి, చివరకంటిన మట్టిని కాలి చెప్పుతో గీకాడు. "ఎవలన్న చెప్పకుంటె నేనెందుకు తిప్పుత సార్. గడ్డి నాదా," అన్నాడు. ల్యాబు ఆమె మూడుసార్లు వచ్చి అడిగిందనీ, ఆఫీసుల చెప్పుకొమ్మన్నాననీ, చెప్పుకుందో లేదో తనకు తెలియదనీ అన్నాడు. ఇంకో మాట కూడా మెల్లగా అన్నాడు. "జర నా పేరు రాయకున్రి సార్. ఇద్దరాడివిల్లలున్నరు."

దామోదర్ అక్కడి నుంచి నేరుగా గిరి దగ్గరికి వెళ్లాడు. గిరి చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. టీ తెప్పించాడు. విచారణ మళ్లీ చేస్తానంటే ఓపికగా విన్నాడు. రిపోర్టు ఛైర్మన్ గారికి వెళ్లిపోయిందనీ, అనూహ్య తల్లిదండ్రులకు చదివి వినిపించడం కూడా అయిందనీ చెప్పాడు. ఆ మనిషి సంతకం ఉంది, మీ సంతకం ఉంది. ఇప్పుడది తప్పంటే వాల్వు సంగతి రావాలి. వాల్వు వస్తే కమిటీ ముందు కాలేజీ నిలబడదు. కాలేజీ నిలబడకపోతే ఇంతమంది పిల్లలు ఎటు పోతారు? నాయకత్వం పాఠం చెప్పేవారు, మీకు తెలియనిది కాదు అన్నాడు. ఏ ముక్కకు ఆ ముక్క నిజంలాగే ఉంది. బయటికి వచ్చాక గానీ, టీ తాగకుండానే వచ్చానన్నది దామోదర్‌కు గుర్తు రాలేదు.

* * *

గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి హనీఫా ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. నల్లగొండలో పాతబస్తీ సందు అది. ముందరి గదిలో ఆమె భర్త చోటే మియా కొత్త పరుపు మీద మోకాళ్లు వేసి కూర్చొని, జానెడు సూదితో కుట్లు వేస్తున్నాడు. గాలిలో దూది తేలుతున్నది. ఆయన కనుబొమల మీదా, గడ్డం మీదా పల్చగా వాలి ఉంది. లోపలి నుంచి హనీఫా వచ్చి, చూసి, కొంగు తల మీదికి లాక్కుంది. కుర్చీని కొంగుతోనే తుడిచింది. వద్దన్నా చాయ్ పెట్టింది.

ఏం చెప్పాలో బస్సులో కూర్చొని సరిచూసుకున్నాడు దామోదర్. ఇక్కడికి వచ్చాక అది నోట్లోకి రాలేదు. చాయ్ కప్పు చేతిలోకి తీసుకొని, "తప్పైంది హనీఫమ్మా," అన్నాడు.

"అయ్యో, గంత మాటెందుకు సార్, పెద్దోళ్లు," అని ఆమె వెంటనే అంది. "బిస్కెట్ తీస్కోన్రి."

అంతే. ఆ మాట పుట్టిన చోటే ఆరిపోయింది. పక్కింటివాళ్ల మేక వచ్చి గుమ్మంలో పడుకుంటే వాళ్లు తప్పైందన్నా ఆమె అట్లాగే మాట్లాడేదని దామోదర్‌కు అర్థమైంది. మళ్లీ మొదలుపెట్టి, నేను నిజంగానే పొరపాటు చేశాను, నువ్వు చెప్పబోతుంటే అడ్డుపడ్డాను, అడగాల్సినవాళ్లను అడగలేదు అన్నాడు. క్లాసులో నిలబడి చెబుతున్నట్టు తన గొంతు తనకే వినిపించింది. రిపోర్టు వెనక్కి తీసుకుంటానని, వాల్వు సంగతి కమిటీకి రాసిస్తానని చెప్పాడు.

హనీఫా ముఖంలో భయం అప్పుడు కనిపించింది. విచారణ రోజున కూడా అంత కనిపించలేదు.

"వద్దు సార్. మీ కాళ్లు మొక్కుత, గట్ల చెయ్యకున్రి." గిరి సారు నిన్ననే కబురు పంపాడంది. కమిటీ పోయినంక కాంట్రాక్టరు కింద ఊడ్చే పనికి రమ్మన్నాడట, అప్పటిదాకా ఎవరితోనూ ఏం మాట్లాడొద్దన్నాడట.

"పదకొండేళ్లు ల్యాబు నడిపినదానివి. ఊడ్చే పనికి పోతావా?"

"పనే గద సార్. మీరు రాస్తె గది గుడ పోతది. మీరు రేపు ఇంకో కాలేజీకి పోతరు. నేనేడికి పోవాలె?"

చాయ్ మీద దూది పోగు ఒకటి వాలింది. దాన్ని వేలితో తీసి ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకున్నాడు. ఆలస్యంగానే అయినా, మొట్టమొదటిసారి ఆమెను అడిగాడు. నీకేం కావాలి, నేనేం చేస్తే నీకు సాయమవుతుంది?

ఆమె గుమ్మం వైపు చూస్తూ చెప్పింది. ఆదివారం అనూహ్యను చూడడానికి దవాఖానకు పోయిందట. నా బిడ్డ చెయ్యి కాల్చినదానివి మళ్లెందుకొచ్చినవని ఆ తల్లి అందరి ముందూ అన్నదట. ల్యాబులో జరిగిన సంగతి ఆమెకు ముందే ఎవరో అట్లా చెప్పి ఉంచారట. పిల్లను చూడనీయలేదట. "పని పోతె పోనియ్యున్రి. గామె మనసులకెళ్లి గది తీసెయ్యున్రి సార్. రాత్రి కండ్లు మూస్తె గదే మాట ఇనబడ్తాంది," అంది.

అప్పటిదాకా తలెత్తని చోటే మియా పళ్ల మధ్య పట్టుకున్న దారాన్ని తెంపాడు.

"సాబ్, నోటితోని అన్నది నోటితోని పోతది. మీరు రాసిన్రు. రాసినదాన్ని కొట్టేసెటందుకు గుడ ఎవలో ఒకలు రాయాలె. ఆమె రాయలేదు, నేను రాయలేను," అని మళ్లీ సూదిలోకి దారం ఎక్కించాడు.

* * *

శుక్రవారం కమిటీ రావడానికి రెండు గంటల ముందు దామోదర్ గిరి ఎదుట కూర్చున్నాడు. వాల్వు మాట ఎత్తను, కమిటీతో మాట్లాడను అన్నాడు. హనీఫాను మాత్రం ఆమె పనిలోకే, ఆ ల్యాబులోకే తీసుకోవాలన్నాడు. ఆమె తప్పు లేదని అనూహ్య ఇంటికి కాలేజీ నుంచి కాగితం పోవాలన్నాడు.

గిరి కళ్లజోడు తీసి తుడిచాడు. "నాకు ఆమె మీద పగ లేదు సార్. కానీ ఆ అమ్మాయి చెయ్యి కాలింది కదా. తప్పు ఒకరిది అయితీరాలి. పేరు లేకుండా కాగితం ఎట్లుంటది?"

"నా పేరు పెట్టండి," అన్నాడు దామోదర్.

ఛైర్మన్‌కు ఫోన్ పోయింది. ఆయన చాలా సంతోషించాడని గిరి తిరిగొచ్చి చెప్పాడు. పెద్ద హోదాలో పనిచేసినాయన నైతిక బాధ్యత వహించాడంటే కమిటీకి కూడా బాగుంటుందన్నాడట. అరగంటలో రెండు కాగితాలు టైపయి వచ్చాయి. ఒకటి, కాలేజీ భద్రతా పర్యవేక్షకుడిగా దామోదర్‌ను నియమించిన ఉత్తర్వు. దాని మీద పోయిన జూన్ తేదీ ఉంది. రెండోది, ఆ పనిలో తన నిర్లక్ష్యాన్ని ఆయన స్వచ్ఛందంగా ఒప్పుకుంటున్నట్టు.

ఆ మాటే వాడారు. తను వాడిన మాటే. దామోదర్ రెండోసారి చదివాడు. జూన్‌లో తనకు అట్లాంటి పని ఎవరూ ఇవ్వలేదు. వాల్వు సంగతి ఏం చేస్తారని అడిగితే, కమిటీ పోయినా గడ్డిని ఎండనివ్వలేం, ఎండాకాలం పోనివ్వండి చూద్దాం అన్నాడు గిరి. కిటికీలోంచి పచ్చగడ్డి కనిపిస్తున్నది. నీళ్లు చిమ్ముతున్నాయి.

దామోదర్ సంతకం పెట్టాడు. ఎప్పుడూ ఒక్క ఊపులో గీసే సంతకం ఆ రోజు మధ్యలో ఆగింది.

ఇంట్లో ఆయన భార్య మంజుల చిక్కుడుకాయలు గిల్లుతూ అంతా విన్నది. మంచిపనే చేశావంది. ఆ మనిషి కడుపు కొట్టకుండా కాపాడావంది. గిన్నె తీసుకొని లేస్తూ, "మరి రేపు పిల్లలు నీ తప్పేనా అని అడిగితె ఏం చెప్తవు?" అంది. రెండు రోజులు దామోదర్ ఆ ప్రశ్నతోనే తిరిగాడు. అవునంటే అరవై మంది ముందు అబద్ధమాడినట్టు. కాదంటే ఆ మాట క్లాసు దాటి సాయంత్రానికి ఆఫీసుకు చేరుతుంది, కాగితం చెల్లదు, మర్నాటికి హనీఫా ఇంటికి. మూడో దారి కనిపించలేదు.

* * *

సోమవారం నోటీసు బోర్డు మీద దామోదర్ సంతకం పెట్టిన కాగితం ఉంది, దాని ముందు పిల్లలు గుంపుగా ఉన్నారు. దామోదర్‌ను చూసి పక్కకు జరిగారు. పై అంతస్తులో హనీఫా నీలం కోటు వేసుకొని ల్యాబు తలుపు తాళం తీస్తున్నది. కిందికి చూసి, నవ్వకుండా, చేతిని నుదుటి దాకా ఎత్తింది.

తొమ్మిదింటికి క్లాసు మొదలైంది. హాజరు పిలవడం అయింది. దామోదర్ సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాడు. జేబా లేచింది.

"సార్, నోటీసు బోర్డు మీద రాసింది నిజమేనా సార్? నల్లాలు చూసే జిమ్మేదారి మీదేనా?"

దామోదర్ నోరు తెరిచాడు. అరవై ముఖాలు ఆయన వైపే ఉన్నాయి. పై అంతస్తులో సీసాలు సర్దుతున్న చప్పుడు కిటికీలోంచి సన్నగా వస్తున్నది. సుద్దముక్క వేళ్ల మధ్య రెండుగా విరిగింది. గోడ మీది గడియారం తొమ్మిదీ ఎనిమిది చూపిస్తున్నది. సైదులు వాల్వు తిప్పడానికి ఇంకా ఏడు నిమిషాలుంది.

"లెవ్వున్రి," అన్నాడు. "నోటుబుక్కు, కలం పట్టుకోన్రి. ఇయ్యాల క్లాసు బయట."

ఆయన నోటి నుంచి ఆ యాస వాళ్లెప్పుడూ వినలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకొని లేచారు. అరవై మంది బిల్డింగు వెనక్కి నడిచారు. బోరు గది చుట్టూ, కంప పక్కన, గోడ వారగా నిలబడ్డారు. దామోదర్ వాళ్లకు ఒకటే పని చెప్పాడు. కండ్లతోని చూసింది, చెవులతోని విన్నది, టైము చూసి రాయాలి. ఎవరి తప్పు అని రాయొద్దు. పనిచేసే మనిషి పేరు రాయొద్దు. తెలియనిది రాయొద్దు.

ఇనప కడ్డీ భుజాన వేసుకొని వచ్చిన సైదులు వాళ్లందరినీ చూసి ఆగిపోయాడు.

"ఏంది సార్ ఇది. ఇంతమంది చూస్తుంటె నేనెట్ల తిప్పాలె?"

"నేను తిప్పుమంట లేను, వద్దంట లేను సైదులు. నీకు ఆర్డరిచ్చేటోన్ని నేను కాదు," అన్నాడు దామోదర్.

సైదులు ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు. మూత తీశాడు. కడ్డీ గుంతలోకి దించాడు. పిడి మీద చెయ్యి వేసి, తీసి, జేబులోంచి ఫోన్ లాగాడు. ఒక చేత్తో కడ్డీ పట్టుకొని, రెండో చేత్తో ఫోన్‌ను నోటి ముందు అద్దంలాగా పట్టుకున్నాడు. ఇక్కడ అందరూ మాట్లాడినట్టే, స్పీకర్ పెట్టి.

"సార్, నేను సైదులును. నీళ్లు తిప్పాల్నా సార్?"

"రోజు చేసే పనికి ఫోన్ ఎందుకయ్యా?" గిరి గొంతు బోరు గది గోడకు తగిలి అందరికీ వినిపించింది. "లాన్‌కు తిప్పు."

"మీద ల్యాబుల పిల్లలున్నరు సార్. నల్లాలు బంద్ అయితయి."

"అయితె అయినయి. మొన్నటికెళ్లి చెప్తనే ఉన్న గద, పదకొండింటి దాక అటే. తిప్పు."

ఫోన్ ఆగిపోయింది. సైదులు దాన్ని జేబులో వేసుకొని, కాలు గోడకు తన్ని పట్టి, బలమంతా వేసి తిప్పాడు. గుంతలో నీళ్లు మలుపు తిరిగాయి. కలాలు కాగితాల మీద గీసుకుంటున్న చప్పుడు ఒక్కటే ఉంది.

"సార్, ఫోన్‌ల మాట గుడ రాయాల్నా?" అని గోడ దగ్గరి నుంచి ఒకరు అడిగారు.

"విన్నవా?"

"విన్న సార్."

"విన్నది విన్నట్టు రాయి."

జేబా రాయడం ముగించి తలెత్తింది. కింద సంతకం పెట్టాలా అని అడిగింది. పెట్టమని తను చెప్పనన్నాడు దామోదర్, ఎవరి చెయ్యి వాళ్లదన్నాడు. ఆమె ఒక క్షణం ఆలోచించి పెట్టింది. పక్కనున్న పిల్ల ఆమె కాగితం వైపు చూసి, తనదాని మీద తనూ పెట్టింది.

ముందు వైపు నుంచి, తడిసిన గడ్డికి అడ్డంబడి, ప్యాంటు అంచులు ఎత్తి పట్టుకొని గిరి వస్తున్నాడు. ఇంకా కంప అవతలే ఉన్నాడు. దామోదర్ జేబా వైపు చెయ్యి చాచి, ఒక తెల్ల కాగితం ఇమ్మని అడిగాడు. ఆమె నోటుబుక్కు మధ్యలోంచి ఒకటి జాగ్రత్తగా తీసి ఇచ్చింది. ఆయన దాన్ని బోరు గది గోడకు ఆనించి, వాచీ చూసి, తొమ్మిదీ పదిహేడు అని రాయడం మొదలుపెట్టాడు.